బడి ఆయమ్మలు, స్వీపర్లు, వాచ్‌మన్లకు నిజంగా పనికొచ్చే గౌరవం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో చాలా బళ్లలో పిల్లలు గేటు లోపలికి అడుగుపెట్టే గంట ముందే ఆయమ్మ చేతిలో చీపురు ఉంటుంది. ఆఖరి ఆటో వెళ్లిపోయాక కూడా బాత్రూమ్‌ల దగ్గర నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. వీళ్లకు ఏదైనా చేయాలని తల్లిదండ్రులకూ టీచర్లకూ మనసులో ఉంటుంది. ఏం చేయాలో తెలియక ఏడాదికోసారి శాలువా కప్పి ఊరుకుంటారు. అలాంటివాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులివి. ప్రతి జవాబుకూ మేం పెట్టుకున్న కొలత ఒక్కటే: మీరు చేసిన పని వల్ల మర్నాడు ఆమె నడుముకో చేతులకో ఇంటి ఖర్చుకో కాస్త ఊరట దొరకాలి.

ఎవరెవరిని లెక్కలోకి తీసుకోవాలి?

రోజూ కళ్లకు కనిపించే ఆయమ్మ ఒక్కతే కాదు. క్లాసులు ఊడ్చేవాళ్లు, బాత్రూమ్‌లు కడిగేవాళ్లు (చాలా బళ్లలో ఇప్పటికీ స్కావెంజర్ అనే అంటారు), అటెండర్, పగటి వాచ్‌మన్, రాత్రి వాచ్‌మన్, తోటమాలి, బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయా, ప్రభుత్వ బళ్లలో మధ్యాహ్న భోజనం వండేవాళ్లు, వీళ్లంతా ఉంటారు. ఏజెన్సీ తరఫున వచ్చేవాళ్ల పేర్లు బడి హాజరు పట్టీలో ఉండవు కాబట్టి ఎప్పుడూ వాళ్లే జారిపోతారు. ఆఫీసు జాబితా ఒక్కటే నమ్ముకోకండి. ఉదయం 7 గంటలకు ఒకసారి, సాయంత్రం 5 తర్వాత ఒకసారి బడికి వెళ్లి, పని చేస్తున్నవాళ్లను చూసి పేర్లు రాసుకోండి. రాత్రి వాచ్‌మన్ పేరు ఆయమ్మనే అడగండి, చెబుతుంది.

దీనికంటూ ప్రత్యేకంగా రోజు ఉందా?

అమెరికాలో అక్టోబర్ 2న బడి కస్టోడియన్లను, అంటే బడిని శుభ్రంగా ఉంచే సిబ్బందిని గౌరవిస్తారు. మనకు అది గాంధీ జయంతి. పైగా తెలంగాణలో చాలా ఏళ్లు ఆ తేదీ దసరా సెలవుల్లోనే పడుతుంది, బడిలో ఎవరూ ఉండరు. జూన్ 15 ఇంకా బాగుంటుంది. 1990లో ఆ రోజున లాస్ ఏంజెలిస్‌లో, మంచి జీతాల కోసం ఊరేగింపుగా వెళ్తున్న భవనాల స్వీపర్ల మీద పోలీసులు లాఠీలు ఝళిపించారు. దాని గుర్తుగా చాలా దేశాల్లో జూన్ 15ను పారిశుధ్య కార్మికుల హక్కుల దినంగా పాటిస్తారు. మన బళ్లు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. అంటే వేసవి దుమ్మంతా వాళ్లు కడిగి పెట్టిన వారంలోనే ఆ రోజు వస్తుంది.

తేదీ కుదరకపోతే దసరా సెలవులకు ముందు బడిలో బతుకమ్మ ఆడే రోజు చూసుకోండి. పండగ ఖర్చు నెత్తిన ఉన్నప్పుడు చేతికందిన డబ్బుకు విలువ ఎక్కువ. ముస్లిం సిబ్బంది ఉంటే వాళ్ల వాటా రంజాన్‌కు ముందు అందించండి.

చీర పెడితే సరిపోదా?

పెట్టొచ్చు. కానీ ముందు అడగండి. అందరూ చీరలే పెడతారు, అదీ పని చేసేటప్పుడు జారిపోయే సిల్కు రకం. "అమ్మా, మీకు ఏం అవసరం?" అని నలుగురి ముందు అడిగితే "ఏం వద్దు బిడ్డా" అనే అంటుంది. బాగా చనువున్న ఒక్కరు పక్కకు తీసుకెళ్లి, రెండు మూడు పేర్లు చెప్పి "వీటిలో ఏది?" అని అడిగితే సంగతి తెలుస్తుంది.

ఎక్కువమందికి పనికొచ్చేవి: తడి నేల మీద జారని రబ్బరు అడుగు చెప్పులు (పాదం కొలత తీసుకోవాలి), మంచి గొడుగు, మూత గట్టిగా పట్టే స్టీలు టిఫిన్ డబ్బా, ఉతికితే తొందరగా ఆరే కాటన్ చీర లేదా పంజాబీ డ్రెస్. అన్నిటికన్నా మేలైనది నగదు.

బస్ పాస్ ఇద్దామని చాలామంది అంటారు. తెలంగాణ మహిళలకు మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కాబట్టి ఆయమ్మకు పాస్ కొంటే డబ్బు దండగ. వాచ్‌మన్‌కు, అటెండర్ అన్నకు మాత్రం అదే పాస్ నెలంతా అక్కరకొస్తుంది.

డబ్బు ఎలా పోగు చేయాలి, ఎలా పంచాలి?

సెక్షన్‌లో 40 మంది పిల్లలుంటే తలా ₹50 చొప్పున ₹2,000. 20 సెక్షన్లకు ₹40,000. సిబ్బంది 8 మంది ఉంటే ఒక్కొక్కరికి ₹5,000. మొత్తం ముందే అనుకుని, ఇవ్వలేని ఇంటిని మళ్లీ అడక్కుండా మిగతావాళ్లు సర్దుకోవాలి. ఎవరెంత ఇచ్చారో వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు.

అందరికీ సమానంగా పంచండి. పాతవాళ్లకు ఎక్కువ, ఏజెన్సీవాళ్లకు తక్కువ అని తేడా పెడితే మర్నాటి నుంచి వాళ్లలో వాళ్లకు మాటలుండవు. కవరు మీద పేరు రాసి నేరుగా చేతికివ్వండి, సూపర్‌వైజర్ ద్వారా పంపకండి. ప్రిన్సిపాల్‌కు ముందే ఒక మాట చెప్పి, ఇది జీతంలో, బోనస్‌లో భాగం కాదని రాతలో పెట్టించుకుంటే, "పేరెంట్స్ ఇచ్చారు కదా" అని పండగ బోనస్‌కు కోత పెట్టే వీలుండదు.

చిన్న సభ పెడుతున్నాం. జాగ్రత్తలేమిటి?

ముందు తేల్చుకోవాల్సింది, సభ అయ్యాక ఆ చోటు ఎవరు ఊడుస్తారు అన్నది. మెరుపు చమ్కీలు, థర్మోకోల్ అక్షరాలు, స్ప్రే నురగ, క్రీమ్ కేకు, ఈ నాలుగూ వద్దు. థర్మోకోల్ గుండ్లు చీపురు తగలగానే ఎగిరి మళ్లీ దానికే అతుక్కుంటాయి, తడి గుడ్డతో ఒక్కొక్కటే ఏరాలి. చమ్కీ తాండూరు బండల సందుల్లో చేరితే నెల దాటినా మెరుస్తూనే ఉంటుంది. క్రీమ్ తొక్కిన బూటు అడుగులు వరండా చివరిదాకా వెళ్తాయి. ఎవరిని గౌరవించడానికి సభ పెట్టారో వాళ్లే చివరికి మోకాళ్ల మీద కూర్చుని గీకాల్సి వస్తుంది. చాలా బళ్లలో జరిగేది ఇదే.

భోజనం పెట్టండి. బగారన్నం, కోడికూర, శాకాహారులకు వేరే కూర, చివర్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. స్టీలు పళ్లాల్లో వడ్డించండి. వడ్డించేది టీచర్లు, పళ్లాలు కడిగేది తల్లిదండ్రులు. సిబ్బంది కుర్చీల్లో కూర్చుని తినాలి, అదీ పనివేళల్లోనే. సెలవు రోజున రమ్మంటే ఆమెకు ఒక సెలవు పోయినట్టే. ప్రసంగాలు పది నిమిషాలు దాటనివ్వకండి.

పిల్లలకు రెండు మాటలు చెప్పాలనుకుంటే బెజవాడ విల్సన్ గురించి చెప్పండి. కోలార్ బంగారు గనుల దగ్గర పారిశుధ్య కార్మికుల ఇంట్లో పుట్టి, చేతులతో మలం ఎత్తించే పద్ధతి పోవాలని జీవితమంతా పోరాడి, 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారాయన.

పిల్లలు థాంక్యూ చిట్టీలు రాశారు. ఎలా ఇవ్వాలి?

చాలామంది ఆయమ్మలకు చదువు రాదు. వచ్చినవాళ్లకు కూడా అది తెలుగో ఉర్దూనో మరాఠీనో కావచ్చు. ఇంగ్లిష్‌లో నిగనిగలాడే కార్డు చేతికిస్తే నవ్వి సంచిలో పెట్టుకుంటుంది తప్ప అందులో ఏముందో తెలియదు. రాసిన పిల్లవాడే దగ్గరికెళ్లి చదివి వినిపించాలి. లేదంటే అరనిమిషం గొంతు రికార్డు చేసి ఆమె ఇంట్లోవాళ్ల ఫోన్‌కు పంపండి, రాత్రి మనవళ్లతో కలిసి వింటుంది.

"మీరు చాలా మంచివారు" అన్న మాట ఎవరికైనా సరిపోతుంది. "మొన్న నా టిఫిన్ డబ్బా పోతే వెతికి తెచ్చిచ్చారు", "వర్షంలో నా బూట్లు తుడిచారు" అన్న మాట ఆమె ఒక్కదానిదే. పిల్లలతో అలాంటివి రాయించండి.

ఏమని పిలవాలి?

పేరు తెలుసుకుని, పేరుకు అమ్మ, అక్క, అన్న, తాత చేర్చి పిలవండి. ఆయమ్మ అన్నా తప్పు లేదు. "ఏయ్", "ఓ స్వీపర్" అన్న పిలుపు టీచర్ నోట వస్తే పిల్లలకు అదే అలవాటవుతుంది. చిన్న టీచరమ్మలు తల్లి వయసున్న ఆయమ్మను "నువ్వు" అనడం మన బళ్లలో మామూలైపోయింది. ముందు అది మారాలి.

రోజూ పిల్లలు ఏం చేస్తే ఆమె పని తగ్గుతుంది?

ఈ పేజీ మొత్తంలో అన్నిటికన్నా విలువైన ప్రశ్న ఇది. పైసా ఖర్చు లేదు.

సాయంత్రం బెల్లు కొట్టే ముందు ఎవరి కుర్చీ వాళ్లు బల్ల మీద బోర్లించాలి. పిల్లలకు రెండు నిమిషాల పని. 20 గదుల్లో గదికి 40 అంటే రోజుకు 800 కుర్చీలు. లేకపోతే అవన్నీ జరుపుతూ వంగాల్సింది ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లే. ఇనుప బెంచీలైతే జరపొద్దు, కింద ఉన్న కాగితాలు ఏరేస్తే చాలు.

పెన్సిల్ చెక్కిన పొట్టు కోసం ప్రతి వరుసకు ఒక చిన్న డబ్బా పెట్టండి. ఆ పొట్టు తడిస్తే బండకు అతుక్కుంటుంది, ఊడిస్తే రాదు. బోర్డును పొడి డస్టర్‌తో దులిపి గోడకు కొట్టే బదులు రోజు చివర తడి గుడ్డతో తుడిస్తే సుద్దపొడి ఆమె ఊపిరిలోకి వెళ్లదు. బబుల్‌గమ్ అంటుకుంటే గోటితో గీకొద్దు. కవరులో మంచుముక్క వేసి రెండు నిమిషాలు అదిమితే గట్టిపడి, స్కేలు అంచుతో ఊడి వస్తుంది.

టిఫిన్‌లో మిగిలిన అన్నం, కరివేపాకు, సాంబారు ముక్కలు వాష్ బేసిన్‌లో పారబోయడం పెద్ద సమస్య. మెతుకులూ నూనే కలిసి పైపు వంపులో గట్టిపడతాయి. నీళ్లు నిలిచిపోతే చెయ్యి పెట్టి తీసేది ఆయమ్మే. బేసిన్ రంధ్రానికి స్టీలు జాలీ పెట్టించండి. పక్కన మిగిలిన అన్నానికి మూతున్న తడి చెత్త బకెట్ ఉంచండి.

పెద్ద తరగతి అమ్మాయిలకు ప్యాడ్ పారేసే పద్ధతి టీచరమ్మ నోరు విప్పి నేర్పాలి. పాత పేపరులో చుట్టి, మూతున్న డబ్బాలో వెయ్యాలి, కమోడ్‌లో కాదు. ప్రతి గదిలో డబ్బా, పైన మేకుకు పేపరు ముక్కల కట్ట ఉంటే పిల్లలు తప్పకుండా చుడతారు. పేపరు లేకపోతే చుట్టరు. లోపం పిల్లలది కాదు, ఏర్పాటుది.

వానాకాలంలో గేటు దగ్గర ఒక కొబ్బరి పీచు పట్టా, మెట్ల పైన ఇంకొకటి వేస్తే బురద సగం అక్కడే ఆగిపోతుంది.

అల్లరి చేసిన పిల్లలతో బాత్రూమ్ కడిగిస్తే శ్రమ విలువ తెలుస్తుంది కదా?

తెలియదు. అది శిక్ష పడినవాళ్లు చేసే పని అని తెలుస్తుంది. ఆయమ్మ బతుకుతెరువును పిల్లల కళ్లలో శిక్షగా మార్చినట్టవుతుంది. పిల్లల్ని శారీరకంగా శిక్షించడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం కూడా. తమ క్లాసు తాము సర్దుకోవడం వేరు. అది అందరూ, టీచరుతో సహా, వంతులవారీగా చేసేది.

పనిముట్లు కొనిద్దామనుకుంటున్నాం. ఏవి, ఎన్ని?

చీపురు: గదులకు కొండ చీపురు, బయటికి కొబ్బరి ఈనెల చీపురు. పొట్టి చీపురుతో గంటలకొద్దీ వంగి ఊడవడమే నడుంనొప్పికి మూలం. కొబ్బరి చీపురుకు వెదురు కర్ర కట్టిస్తే నిలబడి ఊడవచ్చు.

మాప్: కర్ర ఆమె భుజం దాకా, ఇంకా పైకి గడ్డం దాకా రావాలి. చేత్తో పిండే మాప్ కాకుండా పిండే జల్లెడ ఉన్న బకెట్ తీసుకోండి. తడిసిన నూలు మాప్ చాలా బరువు, రోజంతా చేత్తో మెలిపెడితే మణికట్టు పోతుంది. బకెట్లు రెండు ఉండాలి, ఒకటి సబ్బు నీళ్లకు, ఒకటి జాడించడానికి. ఒకే బకెట్‌తో నాలుగు గదులు తుడిస్తే మొదటి గది మురికి నాలుగో గదికి చేరుతుంది. తుడిచాక కూడా బండలు జిడ్డుగా ఉన్నాయంటే కారణం ఇదే, ఆమె బద్ధకం కాదు.

గ్లోవ్స్: మనిషికి రెండు రంగులు, రెండు జతలు. ఒకటి బాత్రూమ్‌కు, ఒకటి మిగతా పనికి. అందరికీ పెద్ద సైజే కొంటారు. వదులైతే పట్టు జారుతుంది, అందుకే తీసి పక్కన పెడతారు. "ఇచ్చినా వేసుకోరు" అనే ఫిర్యాదు వెనక ఎక్కువగా ఉండేది సైజు. కొనే ముందు అరచెయ్యి చుట్టు కొలవండి. చేతి దగ్గర అంచు మడిస్తే నీళ్లు లోపలికి కారవు. పని అయ్యాక తిరగేసి నీడలో ఆరేయాలి.

రబ్బరు బూట్లు, కళ్లను కాపాడే అద్దాలు కూడా కావాలి. ఇలాంటివి రాణిగంజ్‌లో, బకెట్లు, చీపుళ్లు బేగంబజార్‌లో హోల్‌సేల్ ధరకు దొరుకుతాయి. చాలా బళ్లు మరిచిపోయేది ఇంకొకటి ఉంది: వాళ్లు బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది, తాళం పడే బీరువా అర, కూర్చోడానికి కుర్చీ. మెట్ల కింద చీపుళ్ల పక్కన కూర్చుని అన్నం తినే పరిస్థితి ఉంటే ముందు దాన్ని మార్చండి.

యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ విషయంలో ఏం తెలుసుకోవాలి?

రెండూ ఎప్పుడూ కలవకూడదు. బాత్రూమ్ యాసిడ్, టాయిలెట్ క్లీనర్లలో ఎక్కువగా ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది బ్లీచింగ్‌కు తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఒకటి పోసి, సరిగా కడగకుండా వెంటనే రెండోది చల్లినా అంతే. కళ్లు మండి, దగ్గు తెరలుగా వచ్చి, ఛాతీ పట్టేసినట్టైతే అన్నీ వదిలి బయటి గాలిలోకి రావాలి. కళ్లను 15 నిమిషాలు పారే నీళ్లతో కడగాలి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయాలి. ముఖానికి కట్టుకున్న చీర కొంగు, గుడ్డ మాస్కు ఆ వాయువును ఆపవు.

మన బళ్లలో చాలాచోట్ల నేల తాండూరు, షాబాద్ బండలు. అవి సున్నపురాయి జాతి. యాసిడ్ పోయగానే బుస్సున నురగ వస్తే మురికి పోతోందనుకుంటారు. కరుగుతున్నది బండే. నున్నదనం పోయి గరుకుదేరుతుంది, గరుకులో మురికి ఇంకా పట్టేస్తుంది, మళ్లీ యాసిడ్ పోస్తారు. సబ్బు నీళ్లు, గట్టి కుచ్చు బ్రష్ చాలు. బోరు నీళ్ల తెల్ల పొర కుళాయిలకూ కమోడ్లకూ పడితే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పోసి అరగంట నాననిచ్చి రుద్దితే వదులుతుంది.

బ్లీచింగ్ కొలత: తాజా పొడిలో సుమారు 33 శాతం క్లోరిన్ ఉంటుంది. నేలకు, తలుపు గొళ్లేలకు 10 లీటర్ల నీటికి 30 గ్రాములు. వాంతి, మలం పడిన చోటికి లీటరుకు 30 గ్రాములు. ఒక్కసారి తూచి, అంత పట్టే డబ్బా మీద గీత పెట్టి ఆమెకివ్వండి. తర్వాత తూకం అక్కర్లేదు. ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి పావుగంట తేరనిచ్చి, పైనున్న తేట నీళ్లే వాడాలి. ముందు సబ్బుతో కడగాలి, మురికి మీద పోస్తే క్లోరిన్ అక్కడే ఖర్చైపోతుంది. పది నిమిషాలు ఉంచి కడిగేయాలి. సంచి మూతి తెరిచి ఉంచితే వారాల్లోనే పొడి తడిసి ముద్దై శక్తి పోతుంది. వాసన తగ్గిన పొడితో ఎంత కడిగినా ఫలితం ఉండదు.

క్లాసులో పిల్లవాడు వాంతి చేసుకుంటే?

ఆయమ్మ వచ్చేలోపు టీచర్ పిల్లల్ని దూరం జరిపి, దాని మీద పాత పేపర్లు గానీ పొడి మట్టి గానీ వేసి ఉంచాలి. ఆమె గ్లోవ్స్ వేసుకుని అట్టముక్కతో ఎత్తి కవరులో మూతి కట్టి, సబ్బుతో తుడిచి, పైన చెప్పిన గాఢమైన బ్లీచింగ్ నీళ్లు పోసి పది నిమిషాలు వదలాలి. "త్వరగా కానీ" అని తొందరపెట్టకండి.

సెప్టిక్ ట్యాంక్ నిండింది. స్వీపర్ దిగి చూస్తానంటున్నాడు.

దిగనివ్వకండి. మూత తీసి తల లోపలికి వంచినా ప్రమాదమే. లోపల పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియకుండా మనిషి కుప్పకూలిపోతాడు. కాపాడబోయి దిగిన రెండోవాడూ పోతాడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడం, చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. ఇలాంటి మరణాలకు పరిహారం ₹30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాద్‌లో నీళ్లు, మురుగు చూసే జలమండలి 155313కు గానీ 14420కు గానీ ఫోన్ చేస్తే యంత్రం ఉన్న బండిని పంపిస్తారు.

జీతం గురించి తల్లిదండ్రులు అడగొచ్చా?

అడగాలి. "పీఎఫ్, ఈఎస్‌ఐ కడుతున్నారా?" అని పేరెంట్స్ మీటింగ్‌లో మర్యాదగా ఒక్క ప్రశ్న వేస్తే చాలు. 20 మంది, అంతకు మించి పనిచేసే చోట పీఎఫ్ వర్తిస్తుంది. జీతం ₹21,000 లోపు ఉన్నవాళ్లకు వైద్యం ఖర్చు చూసే ఈఎస్‌ఐ. ₹12,000 జీతం మీద పీఎఫ్‌కు ఆమె నుంచి ₹1,440, యాజమాన్యం నుంచి మరో ₹1,440. ఈఎస్‌ఐకి ఆమెది ₹90, యాజమాన్యానిది ₹390. జీతంలో కోత పడుతున్నా ఖాతాలో జమ కాకపోవడం ఏజెన్సీ పనుల్లో కనిపించే లోపం. యూఏఎన్‌కు (ఆమె పీఎఫ్ నంబరుకు) జోడించిన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే పీఎఫ్ నిల్వ మెసేజ్‌గా వస్తుంది. ఆధార్‌లో ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు ఉంటే ఈ జోడింపు కుదరదు. ఆ తప్పు దిద్దించడానికి ఒక పూట ఆమె వెంట మీ సేవకు వెళ్లండి. పది శాలువాల పెట్టు.

ఏడాదికి ₹20 కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా చేయించవచ్చు. 18 నుంచి 70 ఏళ్లవాళ్లకు ప్రమాద మరణానికి ₹2 లక్షలు. డబ్బు బ్యాంకు ఖాతా నుంచే కట్ అవుతుంది. గడువు జూన్ 1 నుంచి మే 31 వరకు, కాబట్టి వేసవి సెలవుల్లో ఖాతాలో ఆ కాస్త నిల్వ ఉండేలా గుర్తుచేయండి.

మాది ప్రభుత్వ బడి. శుభ్రతకు డబ్బెక్కడిది?

2024 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా పారిశుధ్య నిధులు మంజూరు చేసింది. పిల్లల సంఖ్యను బట్టి నెలకు ₹3,000 నుంచి ₹20,000 దాకా, ఏడాదిలో 10 నెలలకు. అందులో మనిషి జీతం ఎంత, ఫినాయిల్, చీపుళ్ల ఖర్చెంత అన్నది కమిటీలోని తల్లులు అడిగి తెలుసుకోవచ్చు. నిధి ఆలస్యమైన నెలల్లో ఆగేది ఆమె కూలీయే, కాబట్టి ఆ లెక్క నెలనెలా చూడండి.

ఫొటోలు, వీడియోలు పెట్టొచ్చా?

ఆమెను అడిగి, ఒప్పుకుంటేనే. కవరు అందుకుంటున్న ఫొటో వద్దు. కొందరు తాము చేసే పని ఊళ్లో, వియ్యాలవారి ఇంట్లో చెప్పి ఉండరు.

ఆయమ్మ రిటైర్ అవుతోంది. ఏం చేయాలి?

శాలువాకు ముందు గ్రాట్యుటీ, అంటే పని మానేటప్పుడు యాజమాన్యం ఇవ్వాల్సిన మొత్తం చూడండి. 10 మంది, అంతకు మించి పనిచేసే బడిలో వరసగా ఐదేళ్లు నిండితే అది ఆమె హక్కు. లెక్క ఇలా: చివరి నెల జీతం × 15 ÷ 26 × పనిచేసిన ఏళ్లు. ₹12,000 జీతంతో 15 ఏళ్లు చేస్తే సుమారు ₹1,03,846. దరఖాస్తు రాసి, ఒక కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించి ఆమెకే ఇవ్వండి. యాజమాన్యం 30 రోజుల్లో చెల్లించాలి. మధ్యలో బడి పేరో ఏజెన్సీయో మారి ఉంటే పాత ఏళ్లు లెక్కలోంచి జారిపోతాయి. చేరిన తేదీ చూపే పాత గుర్తింపు కార్డు, జీతం చీటీ, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ ఇప్పుడే ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో దాచి పెట్టమనండి.